చెవులు లెక్కపెట్టే తాత

పోయిన వానాకాలం కొన్నాళ్లు ఉండి వద్దామని జనగామ నుంచి భూపాలపల్లికి, మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. అల్లుడిది గనుల్లో ఉద్యోగం. అమ్మాయి టేకుమట్ల బడిలో పాఠాలు చెబుతుంది. ఆ ఆదివారం పొద్దుటి నుంచీ ముసురు. అల్లుడు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. అమ్మాయి వంటింట్లో పకోడీలకు ఉల్లిగడ్డలు తరుగుతోంది. నేను కిటికీ పక్కన కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాను. మనవడు చరణ్ మంచం మీద వెల్లకిలా పడి, చెవుల్లో తెల్ల బుడిపెలు పెట్టుకుని కాళ్లు ఊపుతున్నాడు. వాడి చెల్లెలు మిన్ను పక్కన చేరి, "అన్నా, ఒకటి నాకియ్యరాదు, నేను గూడ వింట" అని బతిమాలుతోంది. వాడు కళ్లు కూడా తెరవకుండా, "పోవే, ఇద్దరం వింటే ఛార్జింగ్ జల్ది అయిపోతది" అన్నాడు. నాకు చాయ్ పొలమారింది. దగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చి, కళ్లలో నీళ్లు తిరిగి, అమ్మాయి పరుగెత్తుకొచ్చి నెత్తి మీద తడితే గానీ ఊపిరి అందలేదు. అచ్చంగా ఇదే మాటను నేను యాభై ఏళ్ల కిందట విన్నాను. అన్నవాడు మా తాత. చరణ్‌కు ఆయన ముఖం తెలియదు, ఫోటో కూడా చూడలేదు, అయినా మాట మాత్రం ఎట్లా దిగిందో దిగింది.

నేను ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని, కాబట్టి ఊరుకోలేక ముందు వాడి లెక్క సరిచేశాను. ఆ బుడిపెలు రెండూ నీ చెవుల్లో ఉన్నా, ఒకటి దాని చెవిలో ఉన్నా అయ్యే ఖర్చు ఒక్కటేరా అన్నాను. వాడు నమ్మలేదు. నమ్మకపోగా నా మీద జాలిపడ్డాడు. "నీకు తెల్వదు అమ్మమ్మా. మీ చిన్నప్పుడు ఫోన్లు లేకుండె, టీవీ లేకుండె, పాపం ఎంత బోర్ కొట్టెనో" అన్నాడు. ఈ పాపం అనే మాటకే నాకు ఒళ్లు మండుతుంది. ఈ కాలం పిల్లలందరికీ మా బాల్యం మీద ఇట్లాంటి జాలి ఒకటి ఉంది. మేమంతా సాయంత్రం కాగానే గోడల వంక చూస్తూ కూర్చునేవాళ్లమని వాళ్ల అనుకోలు. మాకు బోర్ అనే మాటే తెలియదు. తెలిసినా పలకడానికి తీరిక ఉండేది కాదు. పచ్చీసు ఆటలో నాయినమ్మ గవ్వలు దాచేసేది, దొరికిపోయి నవ్వేది. వానలు పడితే చూరు కింద మక్క కంకులు కాల్చుకోవడం, ఎండలు కాస్తే చింతగింజలు అరగదీయడం, మధ్యలో ఎవరో ఒకరి పెండ్లి. వీటన్నిటి మీదా మా ఇంట్లో రేడియో ఉండేది.

రేడియో అనగానే ఇంకో అపోహ కూడా తీర్చేస్తాను. పాత రోజులు రాసే ప్రతివాడి ఇంట్లోనూ రేడియో వెనక్కి వెళ్లి, మాట్లాడే మనిషి ఎక్కడున్నాడో వెతికిన ముసలమ్మ ఒకతె ఉంటుంది. అంతమంది ముసలమ్మలు అంతమంది రేడియోల వెనక నిజంగా వెతికారంటే నాకు నమ్మకం కుదరదు. మా నాయినమ్మ మాత్రం ఒక్కనాడు కూడా వెతకలేదు. రేడియో వచ్చిన మొదటిరోజు వార్తలన్నీ శ్రద్ధగా విని, తాతను ఒక్క ప్రశ్న అడిగింది: "మనం వింటున్నట్టు ఆయనకు ఎరుకేనా?" తాత తెలియదన్నాడు. "అయితే పాపం ఒక్కడే మాట్లాడుకుంటున్నడు" అని, గంజులో అంటించిన సర్వపిండి మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది. యంత్రం సంగతి ఆమెకు ఆ ప్రశ్నలోనే తెలిసిపోయిందని నా అభిప్రాయం. అపోహలన్నీ ఉన్నది తాతకే. ఊళ్లో చదువుకున్న మనిషి, పటేలా అని నలుగురూ లేచి నిలబడే మనిషి, మా ఇంట్లో రేడియోకు సంబంధించి పెద్ద మనిషి ఆయనే మరి.

మా ఊరు కురవికీ బయ్యారానికీ నడుమ, మానుకోటకు పోయే బాట పక్కన ఉంటుంది. మహబూబాబాద్ అనడం తర్వాత నేర్చుకున్నాం గానీ మాకెప్పుడూ అది మానుకోటే. ఆ రేడియో తోలు అంగీ తొడుక్కుని పెద్ద అర్రలో గోడ గూట్లో కూర్చునేది. సాయంత్రం తాత స్నానం చేసి, చుట్ట ముట్టించి, ఆ చుట్ట వాసన నాయినమ్మ వేసే పోపు వాసనతో కలిసే వేళకు దాన్ని రెండు చేతులా ఎత్తి అరుగు మీది స్టూలు మీద పెట్టేవాడు. దాని కిందికి మెత్తగా ఉండాలని మడత పెట్టిన తువ్వాల. కొంతసేపు మోగాక దానికి ఆయాసం వస్తుందని ఆపి, వెనక చెయ్యి పెట్టి వేడి చూసేవాడు, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. సెల్లులు నీరసించాయనిపిస్తే తీసి ఎండలో పెట్టేవాడు. మిద్దె మీద ఒక పక్క మిరపకాయలు, ఒక పక్క వడియాలు, నడుమ నాలుగు సెల్లులు వరుసగా ఎండుతుండేవి. కాకి ఎత్తుకుపోతుందని నన్ను కావలి పెట్టేవాడు. ఎండకు సెల్లులకు కాస్త ప్రాణం రావడం అబద్ధమేమీ కాదని, తాత చెప్పినవాటిలో ఇదొక్కటే నిజమని చాలా ఏళ్ల తర్వాత తెలుసుకుని నేను ఆశ్చర్యపోయాను.

అన్నిటికన్నా గట్టి నమ్మకం చెవుల గురించి. రేడియోలోంచి వచ్చే శబ్దాన్ని ఎన్ని చెవులు పంచుకుంటే సెల్లులు అంత తొందరగా ఖర్చవుతాయని తాత సిద్ధాంతం. ఇది ఉత్త మాట కాదు, అనుభవం మీద కట్టిన సిద్ధాంతం. ఇంట్లోవాళ్లం మాత్రమే విన్న నెలల్లో సెల్లులు చాలాకాలం వచ్చేవి. ఊరివాళ్లూ తండావాళ్లూ వచ్చి కూర్చున్న నెలల్లో చప్పున అయిపోయేవి. అందుకే రేడియో పెట్టేముందు చూపుడువేలు గాలిలో ఆడిస్తూ వాకిట్లో ఉన్నవాళ్లను లెక్కపెట్టేవాడు. లెక్క ఎక్కువైతే, "గిన్ని చెవులు మేస్తే సెల్లులు ఆగుతయా? పిల్లగాండ్లు లోపటికి నడువుండ్రి" అని మమ్మల్ని తరిమేవాడు. తడిక అవతల నిలబడ్డ మా ఎద్దును కూడా ఒకసారి పక్కకు కట్టేయించాడంటే మీరు నమ్మరు. దాని చెవులు పెద్దవి కదా మరి. ఎవరు అరుగు మీద కూర్చోవాలి, ఎవరు వాకిట్లో, ఎవరు తడిక బయట అనేదానికి కూడా ఆ ఇంట్లో పాతకాలపు లెక్కలుండేవి. అవి రేడియో తెచ్చిన లెక్కలు కావు, రేడియో వచ్చాక పోయినవీ కావు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం రాజుకుంది. బడులు మూతబడ్డాయి. మానుకోటలో హాస్టల్లో ఉండి చదువుతున్న నేను ట్రంకు పెట్టెతో సహా ఇంటికి వచ్చిపడ్డాను. పిల్లల చదువు ఒక ఏడు పాడైపోయిందని పెద్దలు ఇప్పటికీ అంటారు. అదీ అపోహే. ఆ ఏడు నేర్చుకున్నన్ని సంగతులు మళ్లీ ఎప్పుడూ నేర్చుకోలేదు. మేము గుమ్మడి తీగ గుంజలు పట్టుకుని ఊరేగింపులు తీసేవాళ్లం, "జై తెలంగాణ" అని అరిచి అరిచి ఆకలేసి ఇండ్లకు చేరేవాళ్లం. పెద్దలకు మాత్రం అది ఆట కాదు. మా చిన్నాయిన, అంటే తాతకు చిన్నకొడుకు, వరంగల్‌లో కాలేజీ చదువుతూ ఉద్యమంలోకి దిగాడు. రైళ్లు ఎప్పుడు నడిచేవో ఎప్పుడు ఆగేవో తెలియదు. లాఠీచార్జీలని ఒకరు, అరెస్టులని ఒకరు చెప్పుకునేవారు. కొడుకు కబురు తెలియక తాత రోజూ సాయంత్రం వార్తల కోసం రేడియో ముందు కూర్చునేవాడు. రేడియో మన గొడవ గురించి రెండు ముక్కలు చెప్పి వేరే సంగతుల్లోకి పోయేది. "వీనికి మన బాస రాదు, మన బాధ అసలే రాదు" అని తాత తిట్టేవాడు. తిడుతూనే మర్నాడు మళ్లీ పెట్టేవాడు. హర్తాళ్లతో మానుకోటలో దుకాణాలు మూసే ఉండేవి. కొత్త సెల్లులు దొరికే దారి లేదు. ఉన్నవాటి గొంతు రోజురోజుకూ బొంగురుపోతోంది. ఇక వాకిట్లో చెవుల లెక్క ఎంత కఠినమైపోయిందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు జమ్లక్క సంగతి చెప్పాలి. మా పొలాల అవతల గుట్ట కింద లంబాడీ తండా. అక్కడి కోడలు జమ్లి. మా మిరప చేలలో కూలికి వచ్చేది, నాయినమ్మకు దగ్గరి మనిషి. ఆమె గొంతు విప్పితే గుట్ట మీద మేకలు కాసేవాళ్లు కూడా పని ఆపేవారు. కలుపు తీస్తూ ఆమె ఒక చరణం పాడితే మిగతావాళ్లు అందుకునేవారు, సాళ్లు వాటంతటవే తరిగిపోయినట్టుండేది. గొడవలు ముదరకముందు ఎవరో పాటలు సేకరించే ఆయన తండాకు వచ్చి విని, ఆమెనూ ఇంకొందరు ఆడవాళ్లనూ హైదరాబాద్ రేడియో వాళ్ల దగ్గరికి తీసుకుపోయాడు. తండా మొత్తం మానుకోట స్టేషన్‌దాకా వెళ్లి సాగనంపింది. పోయేటప్పుడు రైలు కిటికీలోంచి పాడుతూ పోయిన మనిషి, వచ్చేటప్పుడు నోరు కట్టేసుకుని దిగింది.

అక్కడ ఏం జరిగిందో ఆమె నాయినమ్మ చెవిలో గుసగుసగా చెబుతుంటే నేను పక్కనే ఉండి విన్నాను. "అవ్వా, కిటికీలు లేని అర్ర. ఎండకాలంల గూడ చలి. గుండ్రటి పట్టీ తిరిగే మిషిను ముందల పాడమన్నరు, పాడినం. అయిపోయినంక ఆ సారు ఏందో నొక్కిండు. నా నోరు మూసే ఉన్నది, నా పాట మోగవట్టె. నా గొంతే, అవ్వా! నా దగ్గరున్నది ఆడికెట్ల వోయింది?" అంది. ఆ చల్లటి గదిలోంచి బయటికి వచ్చాక ఆమెకు జలుబు చేసింది, గొంతు పూడుకుపోయింది. తండాలో ఆమె అత్త కేవ్లి ముసలమ్మ, గొంతును మిషిను పట్టుకున్నదని, ఇక రాదని తేల్చేసింది. మానుకోట దవాఖానలో డాక్టరు టార్చి వేసి చూసి గొంతులో ఏమీ లేదన్నాడు. ఏమీ లేదనే మాటకు జమ్లి ఇంకా హడలిపోయింది. ఏమీ లేదంటే పాట కూడా లేదనే కదా ఆమెకు అర్థం. జలుబు తగ్గింది, మాట వచ్చింది, పాట మాత్రం రాలేదు. మిగతా ఆడవాళ్లకేమీ కాలేదు కదా అని నాయినమ్మ అడిగితే, "వాళ్లు ఎనుకవాట పాడినరు. ముందల పాడింది నేనే గద, నాదే పట్టుకున్నది" అంది.

శ్రావణం వచ్చింది. తండాలో తీజ్ పండుగ మొదలైంది. పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టల్లో మన్ను పోసి గోధుమలు చల్లి, మొలకలకు నీళ్లు పోస్తూ పండుగ నాళ్లంతా పాడతారు. ముందు పాడేది ఏటా జమ్లక్కే. ప్రతి ఏడూ ఆ వేళకు మేము అన్నాలు తింటుంటే పొలాల మీదుగా ఆ పాట మా కంచాలదాకా వచ్చేది. ఆ ఏడు రాలేదు. ఆడపిల్లలు ఎత్తుకోవడం, రెండు చరణాలు కాగానే తడబడి ఆగిపోవడం వినిపించేది. నాయినమ్మ ముద్ద చేతిలో పట్టుకుని అటు చెవి పెట్టి కూర్చునేది. నాకు ఏడుపొచ్చేది. పాడేవాళ్లు పాడకపోతే ఊరు ఇంత బోసిపోతుందని అంతకుముందు నాకు తెలియదు.

అప్పుడు జమ్లి పెనిమిటి హరియా ఒకనాడు తాత దగ్గరికి వచ్చి తడిక దగ్గర నిలబడ్డాడు. రేడియోవాళ్లు ఆ పాట ఫలానా శుక్రవారం సాయంత్రం వేస్తామని చెప్పి పంపారట. "రేపే గా శుక్రవారం, పటేలా. తండోళ్లంత వచ్చి వింటమంటున్నరు" అన్నాడు. తాత ముఖం చూడాలి. కళ్ల ముందే తండాలో గడపలన్నీ లెక్కపెట్టుకున్నాడు, వాటిని మనుషులతో, మనుషులను రెండేసి చెవులతో హెచ్చవేసుకున్నాడు. పాట కార్యక్రమం వార్తలకు ముందు. అంతమంది వచ్చి వింటే వార్తల వేళకు సెల్లులు చచ్చిపోతాయి. "హరియా, కోపం జెయ్యకు. చిన్నోడు యాడున్నడో ఎరుకలేదు. గా సెల్లులే నాకు దిక్కు. నువ్వు, జమ్లి, మీ అవ్వ రాండ్రి. ముగ్గురు చాలు" అన్నాడు. హరియా తల ఊపి వెళ్లిపోయాడు. తాతలో దురాశ లేదు, భయం ఉంది. ఆ సంగతి అప్పుడే నాకు తెలుసు, అందుకే ఎవరి పక్కన ఉండాలో తెలియక నలిగిపోయాను.

నాయినమ్మ అన్నం వడ్డిస్తూ ఎత్తుకుంది. "తండోళ్లందర్ని రమ్మని కబురు చేసిన" అంది. తాత ముద్ద ఆగిపోయింది. "నీకు మతి ఉన్నదా? గన్ని చెవులు—" అనబోయాడు. ఆమె గరిటె పక్కన పెట్టింది. "ఎన్ని చెవులైతేంది? జనం వచ్చినప్పుడల్ల లొల్లి అయితది. లొల్లి అయితే వినవడదు. వినవడకపోతే నువ్వు సప్పుడు పెంచే గుండీ కడదాక తిప్పుతవు. నేను చూస్తలేనా? సెల్లులు తినేది చెవులు గాదు, నీ చెయ్యి" అంది. ఇన్నేళ్లుగా లెక్కపెట్టిన చెవులన్నీ ఆ ఒక్క మాటతో ఎగిరిపోయాయి. తాత తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత నేను తరగతి గదుల్లో ఎందరికో ఈ కథ చెప్పాను. తాత తెలివితక్కువవాడు కాదర్రా, ఆయన చూసింది నిజమే, జనం వస్తే సెల్లులు తొందరగానే అయ్యేవి, కారణం దగ్గరే తప్పటడుగు పడింది అని. పిల్లలు నవ్వేవారు. పరీక్షలో మాత్రం వాళ్లూ అట్లాంటి కారణాలే రాసేవారు.

"లొల్లి జెయ్యరా మరి, గంతమంది?" అన్నాడు తాత, గొంతు తగ్గించి. "అది నాకిడిసిపెట్టు" అంది నాయినమ్మ.

శుక్రవారం పొద్దు వాలుతుంటే తండా తండానే కదిలి వచ్చింది. అద్దాల రవికెలు, చంకల్లో పిల్లలు, తడిసిన మన్ను వాసన, మా వాకిలి నిండిపోయి తడిక అవతలికీ పాకింది. మా ఊరివాళ్లూ వచ్చారు. నాయినమ్మ బెల్లం గంప పట్టుకుని గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చే ప్రతి పిల్ల నోట్లోనూ పిడచంత బెల్లం గడ్డ పెట్టింది. "కొరకొద్దు, చప్పరియ్యాలె. కొరికినోల్లకు మల్ల దొరకదు" అని షరతు. ఎక్కువ మాట్లాడతారని పేరున్న పెద్దవాళ్లకు కూడా పెట్టింది. బుగ్గలు ఉబ్బి, ఎవరికీ నోరు మెదపడానికి లేకుండా పోయింది. మా ఊరి చరిత్రలో అంతమంది కూడి అంత నిశ్శబ్దంగా ఉండడం అదే మొదలు, అదే ఆఖరు. జమ్లిని చెయ్యి పట్టి తీసుకువచ్చి అరుగు మీద, రేడియో పక్కన, తన తొడ తగిలేట్టు కూర్చోబెట్టుకుంది. తాత స్టూలు కొంచెం జరిపి చోటిచ్చాడు. జమ్లక్క కాళ్లు ముడుచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ తోలు అంగీ పెట్టె వంక దొంగను చూసినట్టు చూస్తోంది.

తాత గుండీ కొద్దిగా, చాలా కొద్దిగా తిప్పాడు. ఎవరో గంభీరంగా ఏదో చెప్పారు. తర్వాత పాట మొదలైంది. సన్నగా, ఎక్కడో లోతు బావిలోంచి వచ్చినట్టు, కానీ అది జమ్లక్క గొంతే. వాకిలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. ముసలి కేవ్లి చెంపల మీద చేతులు వేసుకుంది. తాత చుట్ట తీసి పక్కన పెట్టి, మెల్లగా, "మన ఊరి గొంతు గిండ్ల వినవడుడు గిదే మొదలు" అన్నాడు. ఎన్ని నెలలుగా ఆ పెట్టెను తిట్టిన మనిషి ఆయన! కానీ జమ్లి వణికిపోతోంది. ఆమె నోరు మూసే ఉంది, పెట్టె పాడుతోంది, హైదరాబాద్‌లో ఏది చూసి భయపడిందో మళ్లీ అదే. అందరం సంతోషంలో ఉన్నాం గానీ ఆమెకు మాత్రం తన గొంతు పోయిందనడానికి ఇంకో సాక్ష్యం దొరికింది. అంతమందినీ పిలిచి ఆమెకు అన్యాయం చేశామేమో అని నాకు భయమేసింది.

అప్పుడు నాయినమ్మ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. తాళం తప్పి. ఎంత తప్పి అంటే, పాట ఒక దారిన పోతుంటే ఆమె చేతులు ఇంకో దారిన పోతున్నాయి. ముందున్న ఆడపిల్లలు కిసుక్కున నవ్వబోయి బెల్లం జారకుండా మూతులు మూసుకున్నారు. జమ్లి కొంచెంసేపు ఓర్చుకుంది. పక్కకు చూసింది. మళ్లీ ఓర్చుకుంది. ఆఖరికి, "అట్ల గాదు, అవ్వా!" అని నాయినమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది. పట్టుకుని తాళం ఎక్కడ పడాలో కొట్టి చూపించింది. నాయినమ్మ మళ్లీ తప్పింది. "అగో, మల్ల! గిట్ల అవ్వా, గిట్ల" అంటూ, చూపించడానికి మరో దారి లేక, జమ్లి ఆ చరణం అందుకుని పాడింది.

పెట్టెలోంచి ఒక జమ్లి, అరుగు మీంచి ఒక జమ్లి. ఒకే పాట, ఒకే చరణం. మొలకలూ మొలకలూ తొందరగా పెరగండి, మిమ్మల్ని ఏటిలో విడిచే రోజు మాత్రం తొందరగా రావద్దు అని ఆ పాటకు అర్థమని ఆమే ఎప్పుడో చెప్పింది. పాడుతూ పాడుతూ ఆమె మధ్యలో గొంతు మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. అక్కడ పాట కదులుతోంది. రేడియో వంక చూసింది, అక్కడా ఉంది. ఆమె ముఖం మీదికి వచ్చిన నవ్వును నేను ఈ జన్మకు మరిచిపోలేను. ఆడపిల్లలు బెల్లం మింగేసి గొంతు కలిపారు. వాకిలి కలిపింది, తడిక అవతలివాళ్లు కలిపారు, తాళం పడాల్సిన చోట పడింది. నాయినమ్మ చప్పట్లు కూడా. ఆమె బతుకమ్మ ఆటలో ఏనాడూ చప్పట్లు తప్పని మనిషి అని నాకు ఆ సందడిలో తట్టనే లేదు. తర్వాత అడిగితే, "ముసల్దాన్నైన, చేతులు వశమైతలెవ్వు" అని మాట దాటేసింది. రేడియో ఆ పాట మధ్యలో ఎప్పుడో ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో మాలో ఒక్కరికీ తెలియదు. తాత మాత్రం చూసి ఉంటాడు. వార్తల వేళ వచ్చింది, పోయింది. ఆయన ఆ పెట్టెవైపు చూడకుండా, కండ్లు మూసుకుని, మోకాలి మీద వేళ్లతో తాళం వేస్తూ కూర్చున్నాడు.

రెండు రోజుల తర్వాత చిన్నాయిన కిరాయి సైకిలు తొక్కుకుంటూ బురదలో మునిగి ఇంటికి వచ్చాడు. చొక్కా చిరిగింది, మోచెయ్యి గీరుకుపోయింది, మిగతా మనిషి నిక్షేపంగా ఉన్నాడు. తాత గడపలోనే నిలబడి కొడుకు తల నుంచి కాళ్లదాకా తడిమి చూసి, "రేడియో సచ్చినంక మంచి వార్తలొస్తున్నయి" అన్నాడు. చిన్నాయిన ఏమీ అర్థంకాక నాయినమ్మ వంక చూశాడు. ఆ పొద్దు కూడా తండాలోంచి పాట వస్తోంది. ఈసారి మధ్యలో ఆగడం లేదు.

తర్వాత చాలా జరిగింది. ఆ ఉద్యమం చల్లారింది, నలభై ఏళ్లకు మళ్లీ రాజుకుంది. జుట్టు నెరిసిన చిన్నాయిన రోడ్డు మీద వంటావార్పులో కూర్చుని పప్పు గరిటె తిప్పడం నేను చూశాను. రాష్ట్రం వచ్చిన రోజు ఆయన నాకు ఫోన్ చేసి, వచ్చిందని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. తాతా, నాయినమ్మా అంతదాకా లేరు. రేడియో కూడా ఎటు పోయిందో. మరి అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది అని చరణ్‌కు చెబుతూ చెబుతూ నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అప్పుడు సెల్లులు లేవు, వినాలనుకునే చెవులు వాకిలి నిండా ఉండేవి. ఇప్పుడు ఛార్జింగ్‌కు కొదవ లేదు, ఎవరి చెవి వాళ్లదే. అట్లాగని ఆ రోజులే మంచివని నేను అనను. తడిక బయట ఎవరు నిలబడాలో చెప్పిన రోజులవి, వాటికి నేను దండం పెట్టను. యంత్రాలు మనుషులను విడదీశాయనే మాట కూడా నాకు అపోహగానే తోస్తుంది. అప్పుడూ ఇప్పుడూ యంత్రం ఒక పక్కన ఊరికే కూర్చుని ఉంటుంది. పక్కవాణ్ణి పిలిచేదీ, లోపలికి నడువమని తరిమేదీ మనమే.

కథ అయ్యేసరికి అమ్మాయి పకోడీల పళ్లెంతో వచ్చి కూర్చుంది. అల్లుడు కూడా డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి విన్నాడు. "ఆ జమ్లి ఇప్పుడు ఉన్నదా అమ్మమ్మా?" అని మిన్ను అడిగింది. ఉండకేం. చెవులు కొంచెం మందగించాయి గానీ గొంతు అట్లాగే ఉంది. ఆమె మనవడికి ఫోన్ కలిపించాను. చరణ్ దాన్ని గట్టిగా వినపడేట్టు చేసి పళ్లెం పక్కన నడుమ పెట్టాడు. వాడు అడక్కుండానే చెవుల్లో బుడిపెలు తీసేశాడని నేను గమనించాను. నేనెవరో చెప్పాను, పిల్లలు ఆ తీజ్ పాట వింటామంటున్నారని చెప్పాను. అవతల వాన చప్పుడు, ఎవరో మేకను అదిలించడం, తర్వాత జమ్లక్క దగ్గు.

"ఎంతమందున్నరు బిడ్డా ఆడ?" అని అడిగింది.

చరణ్ చూపుడువేలు గాలిలో ఆడిస్తూ అందరినీ లెక్కపెట్టాడు. అచ్చంగా తాత లాగే. "అయిదుగురం, అమ్మమ్మా" అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. "గంతేనా? జర ఆగుతగని, ఇంకెవలన్న ఉంటే పిలుసుకరాండ్రి" అంది.

మిన్ను పక్క ఇంటివాళ్ల కోసం వానలోకి పరుగెత్తింది.